ఎర్ర బొట్టు, పచ్చ బొట్టు

మా నాయనకు హోసూరు బాగలూరు రోడ్డులో చిన్న డి.టి.పి. అంగడి ఉంది. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాడు. మా ఊళ్ళో ఒక పెళ్ళి పత్రిక అంటే ఒక పక్క తెలుగు, ఇంకో పక్క తమిళం. బెంగుళూరు బంధువులు ఎక్కువ ఉంటే కన్నడంలో కూడా అడుగుతారు. మూడు భాషలూ తప్పు లేకుండా టైపు చేస్తాడని డెంకణీకోట నుంచి కూడా మా నాయనను వెతుక్కుంటూ వస్తారు.

అంగడిలో ఉన్న కంప్యూటరు నేను చిన్న పిల్లగా ఉన్నప్పటిది. దాంట్లో ఒక పెద్ద ఫోటో తెరవాలంటే ఈలోగా టీ తాగి రావచ్చు. ఈ ఏడాది బడి తెరిచిన కొత్తలో అది రోజుకు రెండుసార్లు మొరాయించడం మొదలుపెట్టింది. శ్రావణమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. కొత్తది తీసుకోక తప్పదని నాయన తీర్మానించుకున్నాడు.

ఇక్కడే నేను నోరు తెరిచాను. "కంపెనీది వద్దు నాయనా. విడి భాగాలు తెచ్చి మనమే బిగిద్దాం. అదే డబ్బుకు ఇంకా మంచిది వస్తుంది. అన్న కూడా ఉండాడు కదా" అన్నాను. అన్న అంటే మా పెదనాయన కొడుకు. సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్ళ ఇంట్లో కంప్యూటరు తనే బిగించుకున్నాడు. నాయనకు ఇష్టం లేదు. "కంపెనీదయితే ఏదైనా అయితే వాళ్ళను అడగొచ్చు. మనం బిగించినదానికి ఎవర్ని అడిగేది?" అన్నాడు. నేను వారం రోజులు వెంటపడి ఒప్పించాను. ఈ వ్యాసంలో జరిగినదంతా ఆ వారంలోనే మొదలైందని చెప్పాలి.

రెండో శనివారం బడికి సెలవు. నేను, నాయన, అన్న ముగ్గురం పొద్దున్నే బస్సు ఎక్కి బెంగుళూరు పోయాం. అక్కడ ఎస్.పి. రోడ్డు అని ఒకటి ఉంది. పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. సందు సందుకూ కంప్యూటరు సామాన్ల అంగళ్ళే. రైజెన్ 5 5600జి ప్రాసెసరు, రెండు ర్యామ్ స్లాట్లున్న ఒక మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్ తీసుకున్నాం. అన్న కన్నడంలో బేరం ఆడుతుంటే నాయన చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆ డబ్బులో సగం చీటీ పాడుకున్నది. ఆ సంగతి నాకు తెలుసు.

ఆదివారం మా ఇంటి వరండాలో బిగించాం. అన్న చెప్తుంటే నేను చేశాను. చేతికున్న స్టాటిక్ కరెంటు పోవడానికి ముందు కిటికీ ఇనుప కమ్మీని పట్టుకోమన్నాడు. ర్యామ్ స్లాటులో పెట్టేటప్పుడు రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కితే టక్‌మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వచ్చేదాకా నాకు భయమే. సాయంత్రానికి తెర వెలిగింది. విండోస్ ఎక్కించాం. అవ్వ వచ్చి చూసి, "దీనికి మనిషి మాదిరి గాలి కూడా ఆడుతుందే" అంది, ఫ్యాను తిరగడం చూసి. అందరం నవ్వుకున్నాం. నాయన కూడా నవ్వాడు.

బుధవారం మధ్యాహ్నం అంగడిలో మొదటిసారి ఆగిపోయింది.

నేను బడి నుంచి వచ్చేసరికి నాయన ముఖం మాడిపోయి ఉంది. పని చేస్తుండగానే తెర అంతా నీలం రంగుకు తిరిగి, ఇంగ్లీషులో ఏదో రాసి, తనంతట తానే ఆరిపోయి మళ్ళీ వెలిగిందట. గురువారం రెండుసార్లు అలాగే. ఒకసారి 'మెమరీ మేనేజ్‌మెంట్' అని, ఇంకోసారి 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా' అని వచ్చింది. సేవ్ చేయని పని అంతా పోయింది.

శుక్రవారం అసలైన దెబ్బ తగిలింది. నాలుగు వందల పెళ్ళి పత్రికల ఆర్డరు. శనివారం మధ్యాహ్నానికల్లా ప్రెస్సుకు పంపాలి. నాయన పేజ్‌మేకర్‌లో అంతా కూర్చి, సేవ్ చేసి, ప్రూఫ్ కూడా తీశాడు. పెళ్ళివాళ్ళు వచ్చి ప్రూఫ్ మీద ఎర్ర పెన్నుతో నాలుగు తప్పులు దిద్ది ఇచ్చారు. ఆ తప్పులు సరిచేసి సేవ్ చేస్తుంటే మళ్ళీ నీలం తెర. ఈసారి కంప్యూటరు తిరిగి లేచింది గానీ ఫైలు లేవలేదు. ఫైలు చెడిపోయింది, తెరవడానికి కుదరదు అని చెప్పింది.

ఆ రాత్రి నాయన పాత కంప్యూటరును మళ్ళీ బల్ల మీద పెట్టి, ప్రూఫ్ కాగితం చూస్తూ మొదటి అక్షరం నుంచి టైపు చేశాడు. అమ్మ పక్కన కూర్చొని పేర్లు చదివింది. రాత్రి ఒంటిగంట అయింది. మధ్యలో ఒకసారి నాయన తల ఎత్తకుండానే అన్నాడు: "నేను అప్పుడే చెప్పినా. వాడు ఏదో తప్పుగా బిగించినాడు."

నేను ఏమీ మాట్లాడలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

మంగళవారం రాత్రి నేను ఒక పని చేశాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ర్యామ్ మీద 3200 అని రాసుంది. కానీ కంప్యూటరులో చూస్తే 2666 అని చూపిస్తోంది. ఫోనులో ఒక వీడియో చూశాను. కొత్త కంప్యూటరులో ర్యామ్ మొదట తక్కువ వేగంతోనే నడుస్తుందట. బయోస్ లోపలికి పోయి ఎక్స్.ఎం.పి. అనే సెట్టింగు ఆన్ చేస్తేనే పూర్తి వేగం వస్తుందట. డబ్బు పెట్టి కొన్న వేగం ఊరికే పోతోంది కదా అనిపించింది. అంగడి మూసే ముందర నాయన షట్టరు దగ్గర ఎవరితోనో మాట్లాడుతుంటే, నేను బయోస్‌లోకి పోయి ఆన్ చేసేశాను. 3200 కనిపించింది. చాలా సంతోషపడ్డాను. మరుసటి రోజే ఆగిపోవడం మొదలైంది.

అంటే తప్పు నాదే. ఆ మూడు రోజులూ నాకు అదే అనిపించింది. కానీ చెప్పడానికి ధైర్యం చాలలేదు. కొనమని వెంటపడింది నేను, చెడగొట్టింది కూడా నేనే అంటే నాయన ముఖం ఎట్ల చూసేది?

శనివారం సాయంత్రం అన్న డ్యూటీ ముగించుకొని నేరుగా అంగడికి వచ్చాడు. నాయన ఫోనులో అన్న మాటలు నేను విన్నాను. అవి బాగాలేవు. అన్న ఎదురు మాట్లాడలేదు. క్యాబినెట్ తెరిచి అన్నీ ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. ప్రాసెసరు వేడి చూశాడు, సరిగానే ఉంది. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూశాడు, అదీ సరిగానే ఉంది. తర్వాత నన్ను ఒక నోటుబుక్కు అడిగాడు. నేను సైన్సు రఫ్ నోటు ఇచ్చాను.

"ఎప్పుడెప్పుడు ఆగిందో, అప్పుడు ఏం పని చేస్తా ఉండారో, తెర మీద ఏం వచ్చిందో అన్నీ తేదీ, టైముతో రాయి" అన్నాడు. నేను బుధవారం నుంచి రాశాను. ఆయన అడిగాడు: "బిగించినాక ఎవరైనా బయోస్‌లో ఏమైనా మార్చినారా?"

నాయన అన్నాడు: "ఎవరు మారుస్తారు? నాకు ఆ లోపలికి పోయేదే తెలీదు."

అన్న నా వైపు చూశాడు. నేను నోటుబుక్కు వైపు చూశాను. అన్న నా చేతిలోంచి పెన్ను తీసుకొని పై గీత మీద తనే రాశాడు: 'సెట్టింగులు: ఏమీ మార్చలేదు.'

ఆ రాత్రి నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. తీసి చూశాను. అందులో తేదీలు, టైములు అన్నీ నిజమే. పైన ఉన్న ఒక్క గీత మాత్రం అబద్ధం. అది అన్న చేతిరాతలో ఉంది, కానీ అబద్ధం నాది. మా సైన్సు టీచరు ప్రయోగశాలలో ఎప్పుడూ చెప్తారు, ఒకేసారి ఒకటే మార్చాలి, ఏం మార్చామో రాసుకోవాలి, లేకపోతే వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేమని. ఇక్కడ మార్చినది రాయలేదు. మరి అన్న ఎన్ని రోజులు వెతికినా ఎట్ల దొరుకుతుంది? పైగా బిగించడం చేతకాదని ఆయనకు పేరు వచ్చేసింది.

ఆదివారం పొద్దున నాయన కాఫీ తాగుతుంటే చెప్పేశాను. మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. నాయన చాలాసేపు గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "ముందు మీ అన్నకు ఫోన్ చెయ్యి" అన్నాడు. అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అన్నకు ఫోనులో ఏడుస్తూ చెప్పాను. ఆయన, "సరే, ఏడవద్దు. దాన్ని ఆఫ్ చెయ్యి. నోటుబుక్కులో ఆ గీత కొట్టేసి నిజం రాయి. బుధవారం నుంచి కాదు, బిగించిన రోజు నుంచి రాయి. చిన్నది, పెద్దది, అన్నీ" అన్నాడు.

ఎక్స్.ఎం.పి. ఆఫ్ చేశాను. ఆదివారం నుంచి మళ్ళీ కూర్చొని రాశాను. ఆదివారం: విండోస్ ఎక్కింది, సమస్య లేదు. సోమవారం దగ్గర నాకు ఒకటి గుర్తుకొచ్చింది. ఫ్లెక్సీ బ్యానరు కోసం ఒకాయన పెన్ డ్రైవులో ఫోటోలు జిప్ ఫైలుగా తెచ్చాడు. దాన్ని విప్పితే ఫైలు చెడిపోయింది అని వచ్చింది. ఆయన వేరే పెన్ డ్రైవు తెస్తానని లేస్తుంటే నాయన ఊరికే ఇంకోసారి నొక్కాడు. ఈసారి బాగా విప్పుకుంది. పనైపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

అది సోమవారం. నేను సెట్టింగు మార్చింది మంగళవారం.

ఇది చదివి అన్న ఫోను చేశాడు. "ఇదే కావాల్సింది" అన్నాడు. ఫైలు నిజంగా చెడిపోయి ఉంటే ఎన్నిసార్లు విప్పినా చెడిపోయిందనే రావాలి. ఒకసారి చెడ్డది, ఒకసారి మంచిది అని వస్తే తప్పు ఫైలులో లేదు, దాన్ని చదివి లెక్క కట్టే చోట ఉంది. అది చాలావరకు ర్యామే అవుతుంది. అంటే నేను వేగం పెంచకముందే రోగం ఉంది. వేగం పెంచాక ముదిరింది. అన్న చెప్పినట్టే అయింది. ఎక్స్.ఎం.పి. ఆఫ్ చేశాక రెండు రోజులు బాగా నడిచింది. మంగళవారం సాయంత్రం మళ్ళీ నీలం తెర వచ్చింది.

ర్యామ్ అంటే ఏమిటో ఇక్కడ రెండు మాటలు చెప్తాను. చిన్న తరగతుల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా అర్థం కావాలి. ఎస్‌ఎస్‌డీ నోటుబుక్కు లాంటిది. రాసింది కరెంటు పోయినా ఉంటుంది. ర్యామ్ పలక లాంటిది. లెక్క చేసేటప్పుడు పలక మీద చేసి, జవాబు నోటుబుక్కులో ఎక్కిస్తాం. కరెంటు పోతే పలక తుడిచిపెట్టుకుపోతుంది. ఇప్పుడు ఆ పలక మీద ఒక మూల చిన్న పగులు ఉందనుకోండి. అక్కడ 8 రాస్తే 3 లాగా కనిపిస్తుంది. లెక్క ఆ మూలకు వెళ్ళనంతవరకూ అంతా సరిగానే ఉంటుంది. వెళ్ళిన రోజు జవాబు తప్పుతుంది. తప్పిన జవాబును నోటుబుక్కులో ఎక్కిస్తే నోటుబుక్కు కూడా పాడవుతుంది. నాయన పెళ్ళి పత్రిక ఫైలు అలాగే పోయింది. ఎస్‌ఎస్‌డీ తప్పేమీ లేదు.

మన భౌతికశాస్త్రంలో చదువుకున్న విద్యుదావేశమే ర్యామ్‌లోనూ ఉంటుంది. ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క అతి చిన్న కెపాసిటరు, దాని పక్కన ఒక ట్రాన్సిస్టరు. ఆవేశం ఉంటే 1, లేకపోతే 0. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది కాబట్టి, ప్రతి 64 మిల్లీసెకండ్ల లోపల మొత్తం అన్ని గదులనూ మళ్ళీ నింపుతూ ఉండాలి. ఈ పద్ధతిని 1966లో ఐ.బి.ఎం.లో పనిచేసే రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరు కనిపెట్టారు. 1970లో ఇంటెల్ అమ్మిన మొదటి డీర్యామ్ చిప్పులో 1024 బిట్లే ఉండేవి. మా కంప్యూటరులో 16 జీబీ. నేను కాగితం మీద గుణించి చూశాను: 1,37,43,89,53,472 బిట్లు. పదమూడు వేల ఏడు వందల నలభై మూడు కోట్ల పైన. ఇన్ని గదుల్లో కొన్ని గదులు ఆవేశాన్ని సరిగా పట్టి ఉంచలేకపోయినా పెళ్ళి పత్రిక పోతుంది.

అన్ని కోట్లలో చెడ్డ గది ఎక్కడుందో కంటితో కనిపెట్టలేం. దానికి మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాము ఉంది. ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని పెన్ డ్రైవులో ఎక్కించి, విండోస్ తెరవకుండా పెన్ డ్రైవు నుంచే కంప్యూటరును మొదలుపెట్టాలి. అది ర్యామ్‌లో ప్రతి చోటా రకరకాల అంకెలు రాసి, మళ్ళీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తుంది. తేడా ఉంటే ఎర్ర రంగులో చూపిస్తుంది. ఒకసారి చూసి వదలదు, నాలుగు విడతలు చేస్తుంది.

మంగళవారం రాత్రి కంప్యూటరును ఇంటికి తెచ్చుకొని పది గంటలకు పరీక్ష మొదలుపెట్టాం. నాయన కూడా పక్కన కూర్చున్నాడు. మొదటి విడత ముగిసింది, తప్పులు సున్నా. నాకు గుండె జారిపోయింది. మళ్ళీ నా తప్పే అవుతుందేమో అనిపించింది. నాయన, "నువ్వు పడుకో పాపా, రేపు బడి ఉంది. నేను చూస్తా ఉంటాను" అన్నాడు. ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. పొద్దున లేచి చూస్తే తెర నిండా ఎర్ర గీతలు. రెండో విడతలో మొదలయ్యాయట. అన్ని తప్పులు చూసి అంత సంతోషపడింది నా జీవితంలో అదొక్కసారే.

ర్యామ్‌లో తప్పుందని తెలిసింది. కానీ రెండు స్టిక్కులున్నాయి, రెండు స్లాట్లున్నాయి. చెడిపోయింది స్టిక్కా, స్లాటా? స్టిక్కయితే ఏది? రెండూ చూడ్డానికి ఒకే రకంగా ఉన్నాయి. ఊడదీస్తే కలిసిపోతాయి. నేను అమ్మ స్టిక్కరు బొట్ల అట్ట తెచ్చి, ఒకదాని లేబులు మీద ఎర్ర బొట్టు, ఇంకోదాని మీద పచ్చ బొట్టు అంటించాను. అవ్వ చూసి, "దీనికీ బొట్టు పెట్టినావా?" అంది.

ఆ తర్వాత నాలుగు రాత్రులు నాలుగు పరీక్షలు చేశాం. ఒక్కో రాత్రి ఒక్క స్టిక్కే, ఒక్క స్లాటే. నోటుబుక్కులో ఇలా ఉంది:

మొదటి రాత్రి, మొదటి స్లాటులో పచ్చ బొట్టు: నాలుగు విడతలు, తప్పులు లేవు.
రెండో రాత్రి, మొదటి స్లాటులో ఎర్ర బొట్టు: తప్పులు ఉన్నాయి.
మూడో రాత్రి, రెండో స్లాటులో ఎర్ర బొట్టు: తప్పులు ఉన్నాయి.
నాలుగో రాత్రి, రెండో స్లాటులో పచ్చ బొట్టు: తప్పులు లేవు.

రెండు రాత్రులతోనే ఆపేయొచ్చు కదా అని నాయన అడిగాడు. ఆపేసి ఉంటే ఎర్ర బొట్టే చెడ్డదని చెప్పగలం గానీ, రెండో స్లాటు మంచిదని చెప్పలేం. అంగడివాడు 'మీ బోర్డు చెడిపోయింది' అంటే జవాబుండదు. ఈ నాలుగు గీతలతో జవాబు ఉంది. ఎర్ర బొట్టు ఏ స్లాటులో పెట్టినా తప్పు, పచ్చ బొట్టు ఏ స్లాటులో పెట్టినా ఒప్పు. పచ్చ బొట్టు ఒక్కదాన్నే పెట్టి నాయన పగలంతా పని చేసుకున్నాడు. 8 జీబీతో కొంచెం నెమ్మదిగా ఉన్నా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ తర్వాతి శనివారం మళ్ళీ బెంగుళూరు పోయాం. అంగడి పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడివాళ్ళు మొదట నేను అనుకున్న మాటే అన్నారు, బోర్డు చూపించుకోండని. నేను ఫోనులో ఎర్ర గీతల ఫోటోలు, నోటుబుక్కు చూపించాను. నోటుబుక్కు తెలుగులో ఉంది. ఆయనకు తెలుగు చదవడం రాదు. నేను నాకొచ్చిన కన్నడంలో ఒక్కొక్క గీతా చదివి చెప్పాను. ఎక్స్.ఎం.పి. ఆన్ చేసిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. చెప్పొద్దని నాయన కళ్ళతో సైగ చేశాడు, అయినా చెప్పాను. ఆయన అన్నాడు, దాని మీద 3200 అనే రాసి అమ్ముతున్నాం కదా, ఆ వేగంతో నడవాలి, నడవకపోతే అది దాని లోపమే అని. ఎర్ర బొట్టు స్టిక్కును తన కంప్యూటరులో పెట్టి పరీక్షించాడు. టీ వచ్చేలోపల ఎర్ర గీతలు వచ్చాయి. వారంటీ కింద కొత్తది ఇచ్చాడు.

ఇంటికొచ్చి కొత్తది పెట్టి రాత్రంతా నాలుగు విడతలు నడిపాం. తప్పులు సున్నా. మరుసటి రోజు ఆదివారం నాయన నన్ను అంగడికి తీసుకుపోయి కంప్యూటరు ముందర కూర్చోబెట్టాడు. "ఆ సెట్టింగు ఏదో ఆన్ చెయ్యి. ఈసారి నేను చూస్తుండగా చెయ్యి. నోటుబుక్కులో రాయి" అన్నాడు. ఆన్ చేశాను. తేదీ, టైము వేసి రాశాను. మళ్ళీ రాత్రంతా పరీక్ష పెట్టాం. ఈ వ్యాసం రాసే రోజుకు మూడు నెలలైంది, నీలం తెర రాలేదు.

ఇంకొక్కటి మిగిలింది. అదే ఆదివారం సాయంత్రం నాయన నన్ను వెంటబెట్టుకొని పెదనాయన ఇంటికి పోయాడు. మామూలుగా నాయన అలా చెప్పాపెట్టకుండా పోడు. అన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నాయన వాకిట్లోనే నిలబడి, "ఆ రోజు ఫోనులో నేను అట్ల మాట్లాడుండకూడదురా" అన్నాడు. అన్న, "దానికేముంది చిన్నాయనా, లోపలికి రండి" అన్నాడు. అంతకంటే ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పెద్దమ్మ బోండాలు పెట్టింది. నేను మాత్రం ఆ వాకిట్లో తల ఎత్తలేకపోయాను. నాయన చేత ఆ మాట అనిపించింది నేను దాచిన ఒక్క గీత.

మా తెలుగు సారు ఈ సంగతి విని, పత్రికకు రాసివ్వమన్నారు. కంప్యూటరు గురించి తెలుగులో ఏం రాస్తాను సార్, మాటలన్నీ ఇంగ్లీషే కదా అన్నాను. "మీ నాయనకు నువ్వు ఏ భాషలో చెప్పినావు?" అని అడిగారు. నిజమే. నాయనకు పలక, నోటుబుక్కు అనే చెప్పాను. ఆయనకు అర్థమైంది. బోర్డు మీద, తెర మీద రాసినవన్నీ ఇంగ్లీషులో ఉండొచ్చు. ఏది చెడిందో, ఏది బాగుందో ఆలోచించింది మాత్రం మేము తెలుగులోనే.

మీ ఇంట్లో, అంగడిలో కొత్త కంప్యూటరు ఇలాగే కారణం లేకుండా ఆగిపోతుంటే ఒకరి మీద ఒకరు నింద వేసుకోకండి. ముందు పని అంతా పెన్ డ్రైవులో ఇంకో ప్రతి తీసి పెట్టుకోండి. మార్చిన సెట్టింగులు ఉంటే మొదట ఉన్నట్టు పెట్టండి. ర్యామ్ తీసి మళ్ళీ టక్‌మనేలా నొక్కండి. ఒక రాత్రి పరీక్ష పెట్టండి. తప్పు కనిపిస్తే ఒక్కొక్క స్టిక్కు, ఒక్కొక్క స్లాటు విడివిడిగా చూడండి. బొట్లు అంటించడం మరిచిపోకండి. అన్నిటికంటే ముందు ఒక నోటుబుక్కు పెట్టుకొని జరిగింది జరిగినట్టు రాయండి. మీరు చేసింది కూడా రాయండి.

మా సైన్సు రఫ్ నోటు ఇప్పుడు నాయన అంగడిలో కంప్యూటరు పక్కన దారంతో కట్టి వేలాడుతోంది. అన్న రాసిన 'ఏమీ మార్చలేదు' అన్న గీత నేను కొట్టేసినట్టే ఉంది, దాని కింద నా చేతిరాతలో నిజం ఉంది. ఆ పేజీ చింపేసి కొత్తగా రాసిపెడతానన్నాను. నాయన ఒప్పుకోలేదు.

— పదవ తరగతి విద్యార్థిని